మీటల మీఁది తెలుఁగు: ఒక పాత కీబోర్డు జాడయు వెలయు



హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని శాసనమును మీలో చాలమంది చూచియే యుందురు. క్రీ.శ. 1163 నాఁటి యా శాసనమును చదివియే, కాకతి రుద్రదేవుఁడు చాళుక్యులకు సామంతుఁడుగా నుండుట మాని స్వతంత్రుఁడై యేలెనని చరిత్రకారులు నిర్ణయించిరి. అంతకు పూర్వము ఎన్ని తరములవారు దానిని చూచి, చదువ రాక, దాఁటి పోయిరో! తెలంగాణములోని శాసనములను సేకరించి లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935 లో సంపుటముగా ప్రకటించిరి. అట్టివారి శ్రమయే లేకున్నచో, ఆ రాళ్లలో కొన్ని చాకిరేవు బండలుగను, కొన్ని పునాది రాళ్లుగను పోయి యుండెడివి.

నేఁడు నేను చెప్పఁబోవు వస్తువు రాయి కాదు. ఒక పాత కంప్యూటరు కీబోర్డు. శాసనము తోడ ప్రారంభించి కీబోర్డునకు వచ్చెనేమి యని నవ్వకుఁడు. దానిని కూడ చదువవలసియే యుండెను. నేను మొదట చదువలేకపోతిని. దానివలన కొంత నష్టము కలిగెను. ఆ కథయే చెప్పెదను.

రెండేండ్ల క్రిందట, ఒక వానకాలపు సాయంకాలమున, నా పూర్వ శిష్యుఁ డొకఁడు మా యింటికి వచ్చెను. అతఁడు వరంగల్లులో పాత సామాను కొని యమ్ముకొని జీవించువాఁడు. ఒక కార్యాలయమువారు తమ పాత సామానును వేలము వేయఁగా నతఁడు కొన్న సరకులో మూఁడు కీబోర్డు లుండెను. మూఁడింటి మీఁదను ఇంగ్లీషు అక్షరముల ప్రక్కన తెలుఁగు అక్షరములు ముద్రింపఁబడి యుండెను. అది చూచి సంచిలో వేసికొని వచ్చెను.

“సారూ, వీటిని తూకానికి ఇయ్యాల్నా, ఇంట్ల దాచిపెట్టాల్నా? తెలుగు పండితులు మీరే చెప్పుండ్రి” అని యడిగెను.

నేను కండ్లద్దములు పెట్టుకొని చూచితిని. అక్షరములు అ ఆ ఇ ఈ యను వరుసలో లేవు. నడిమి వరుసలో కుడిచేతి వైపున ప, ర, క, త, చ, ట యని యుండెను. ఎడమచేతి వైపున గుణింతపు గుర్తులు. అంకెల వరుసలో క్ష, త్ర వంటివి కొన్ని తప్ప, ఒత్తులు ఎక్కడను కానరాలేదు. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుఁగు చెప్పినవాఁడను గదా, నాకు కోపము వచ్చెను. ఒత్తులు లేని తెలుఁగేమి తెలుఁగు? అక్క యని వ్రాయుటకు వీలులేని యంత్రమేమి యంత్రము? “మన భాష రానివాడెవడో చేసినది నాయనా, పనికిరాదు” అని తీర్పు చెప్పితిని.

అతఁడు మాఱు మాటాడలేదు. గురువు చెప్పిన మాట గదా! రెండింటిని సంచిలో వేసికొని, “ఒకటి ఉండనీయుండ్రి సారూ, పిల్లలు ఆడుకుంటరు” అని నా బల్ల మీఁద పెట్టి పోయెను. ఆ రెండును వారము దినములలో తూకమునకు పోయినవి.

నాకు అట్టి యభిప్రాయ మేల కలిగెనో చెప్పవలెనన్నచో, తెలుఁగు టైపు మిషను సంగతి కొంత చెప్పవలెను. నా కంటికి అలవాటైనది అదియే. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ అను నతఁడు 1868 లో టైపు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. రెమింగ్టన్ కంపెనీవారు 1874 లో దానిని అమ్మకమునకు తెచ్చిరి. 1878 నాఁటి వారి రెండవ యంత్రముతో ఒక్క మీట చేతనే పెద్దయక్షరమును చిన్నయక్షరమును కొట్టు ఏర్పాటు వచ్చెను. నేఁటి కంప్యూటరు కీబోర్డు ఆ వంశములో పుట్టినదే.

ఇంగ్లీషునకు అక్షరములు 26. వారికి ఆ యంత్రము చాలును. మనకో, ముప్పదికి పైఁబడిన హల్లులు, ఒక్కొక్క హల్లునకు గుణింతము, వానిపై ఒత్తులు. అన్నియు కలిపినచో రూపములు వేలకు చేరును. యంత్రములోని మీటలు నలువది చిల్లర మాత్రమే. అందుచే తెలుఁగు టైపు మిషను చేసినవారు అక్షరమును ముక్కలు చేసిరి. మొండెమునకు ఒక మీట, తలకట్టునకు ఒక మీట, కొమ్మునకు ఒకటి, ఒత్తునకు ఒకటి. కొన్ని మీటలు నొక్కినప్పుడు కాగితము జరగదు. గుర్తు అచ్చటనే పడును. తరువాతి మీటతో మిగిలిన భాగము వచ్చి దానిని కలిసికొనును. వడ్రంగి పలకలు తెచ్చి పెట్టె కూర్చినట్లు, గుమాస్తా ముక్కలు కూర్చి అక్షరము కట్టవలెను.

ఆ విధముగనే ఎంతో పని జరిగినది. హైదరాబాదు సంస్థానములో ఉర్దూ కాగితములతో అలమటించిన మన పెద్దలకు, తెలుఁగులో కార్యాలయపు ఉత్తరము వచ్చుటయే ఒక పండుగ. 1955 లో గోద్రెజ్ కంపెనీవారు మన దేశమున టైపు యంత్రములు చేయఁదొడఁగిరి. ఆంధ్రప్రదేశమున 1966 లో అధికార భాషా చట్టము వచ్చెను. 1974 లో అధికార భాషా సంఘ మేర్పడఁగా వావిలాల గోపాలకృష్ణయ్యగారు తొలి యధ్యక్షులైరి. ఆ దినములలో తెలుఁగు టైపు నేర్చుకొనుట మన పిల్లలకు ఒక బ్రతుకుదెరువు. నేనును ఒక వేసవిలో కొంత నేర్చుకొంటిని. కాఁబట్టియే, తెలుఁగు మీటలన్నచో ఒత్తులుండి తీరవలెనని నా మనసులో పాతుకొనిపోయెను.

దసరా సెలవులకు మా మనుమరాలు వచ్చెను. ఇంజనీరింగు చదువుచున్న పిల్ల. బల్ల మీఁది కీబోర్డును చూచి, “తాతయ్యా, ఇది ఎక్కడిది?” అని యడిగి, తన కంప్యూటరు తెఱచి, భాషను తెలుఁగునకు మార్చి, తెర మీఁద మీటల పటమును చూపెను. ఆశ్చర్యము! ప, ర, క, త, చ, ట. నా బల్ల మీఁదను, ఆ తెర మీఁదను, ఒక్కటే కూర్పు. పనికిరాదని నేను త్రోసివేసిన యా పద్ధతి నేఁటికిని ప్రతి కంప్యూటరులో నున్నదని అప్పుడు తెలిసెను.

“ఒత్తులేవమ్మా? అక్క యని ఎట్లు కొట్టుట?” అని యడిగితిని.

“క కొట్టి, పొల్లు కొట్టి, మళ్లీ క కొట్టు తాతయ్యా” అనెను.

కొట్టితిని. తెర మీఁద రెండవ కకారము తనంత తానే క్రిందికి దిగి ఒత్తుగా నిలిచెను. నేను కొంతసేపు మాటాడలేదు. హల్లు పొల్లై మఱియొక హల్లుతోఁ గూడినచో సంయుక్తాక్షర మగునని నేనే గదా యేఁటేఁట నల్లబల్ల మీఁద వ్రాసి చెప్పినది! ఒత్తు అనునది వ్రాఁతలోని యాకారము మాత్రమే. శబ్దములో నున్నది పొల్లును హల్లును. టైపు మిషను కంటికి కనఁబడు రూపమును పట్టుకొన్నది. ఈ కీబోర్డు వ్యాకరణమును పట్టుకొన్నది. పండితుఁడనైన నేను గుమాస్తా కన్నుతో చూచితిని.

తరువాత ఆ మీటలను మఱి నాలుగు దినములు పరిశీలించితిని. నడిమి వరుసలో క, చ, ట, త, ప లున్నవంటిని గదా. ఇవి మన వ్యాకరణములో పరుషములు. సరిగా వాని పై వరుసలో గ, జ, డ, ద, బ లున్నవి. ఇవి సరళములు. క మీఁద గ, చ మీఁద జ, ట మీఁద డ, త మీఁద ద, ప మీఁద బ. ద్రుతము తరువాత పరుషములు సరళములగునని చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన ప్రతివాఁడును ఎఱుఁగును. ఆ మార్పు ఈ పలక మీఁద వ్రేలు ఒక్క వరుస పైకి జరుపుట మాత్రమే. షిఫ్టు మీట నొక్కి పట్టినచో క ఖ యగును, గ ఘ యగును. వర్గము లన్నింటను ఒత్తక్షరములు అట్లే పలుకును. అచ్చులు దాదాపు అన్నియు ఎడమచేతి క్రింద. ఊరక నొక్కిన గుణింతపు గుర్తు, షిఫ్టుతో నొక్కిన పూర్తి అచ్చు. అక్షరములు చెల్లాచెదరుగా పడి యున్నవని నేననుకొన్నచోట శిక్షాశాస్త్రపు కొలఁత యున్నది.

ఈ కూర్పునకు ఇన్‌స్క్రిప్టు అని పేరు. భారతీయ లిపి అను అర్థము వచ్చు ఇంగ్లీషు మాటలను కుదించి పెట్టిన పేరది. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు 1986 లో దీనిని ప్రమాణముగా నిర్ణయించిరి. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన భారతీయ లిపుల కృషి పుణెలో 1988 లో ఏర్పడిన సీడాక్ సంస్థలో పెరిగెను. వారు చేసిన జిస్టు కార్డును కంప్యూటరులో అమర్చినచో నది మన లిపులను చూపెడిది. 1991 లో భారత ప్రమాణముల సంస్థవారు ఐ.ఎస్. 13194 అను ప్రమాణమున ఈ మీటల కూర్పును చేర్చిరి. దేవనాగరి క, తెలుఁగు క, కన్నడ క, అన్నియు ఒక్క మీటయే. లిపులు వేఱైనను వర్ణమాల యొక్కటి గదా! ఒక భాషలో ఈ పద్ధతి నేర్చినవాఁడు తక్కిన భాషల మీటలను కూడ గుర్తింపఁగలఁడు. అదే 1991 లో యూనికోడు అను ప్రపంచ ప్రమాణపు మొదటి కూర్పు వెలువడెను. అందలి తెలుఁగు అక్షరముల వరుసయు మన భారతీయ ప్రమాణపు వరుసనే యనుసరించినది. నేఁడు మీ మనుమలు చేతి ఫోనులో పంపు తెలుఁగు మాటకు ఆ వరుసయే ఆధారము.

ఇఁక, నా బల్ల మీఁది కీబోర్డు ఏ కాలము నాఁటిది? శాసనములో శకసంవత్సరము లేకున్నను, లిపిని బట్టి కాలము చెప్పుదురు. ఇచ్చటను అదే పద్ధతి. ఇన్‌స్క్రిప్టు కూర్పు కలదు. కాఁబట్టి 1986 కు పూర్వపుది కాదు. తీఁగ చివర బొటనవ్రేలంత లావు గుండ్రని ముడి, అందు ఐదు సూదులు. ఆఱు సూదుల చిన్న ముడి ఐ.బి.యం. వారి యంత్రములతో 1987 లో వచ్చెను. బల్లపరుపుగా నుండు యు.యస్.బి. ముడి 1996 లో వచ్చెను. పెద్ద ముడి తరువాతను కొన్నేండ్లు వాడుకలో నున్నది గాని, అది పాతతనమునకు గుర్తు. మీటలు లెక్కించితిని: 101. కిటికీ బొమ్మ గల మీటలు లేవు. అవి 1995 ప్రాంతమున వ్యాపించినవి. రూపాయి చిహ్నము లేదు. మన ప్రభుత్వమువారు దానిని స్వీకరించినది 2010 లో. ఏదైన కీబోర్డు మీఁద ఆ చిహ్నము ముద్రింపఁబడి యున్నచో, అది 2010 కు తరువాతిదని చిన్నపిల్లవాఁడైనను చెప్పవచ్చును. ఈ సాక్ష్యములన్నింటిని కలిపి చూడఁగా, ఇది 1986 కు తరువాతను, 1990 దశకము ముగియుటకు ముందును చేయఁబడినదని నిర్ణయించితిని. ఒక్క గుర్తును నమ్మరాదు. నాలుగు గుర్తులు ఒక్క మాట చెప్పినప్పుడే నమ్మవలెను.

తెలుఁగు అక్షరములు మొదటినుండి యున్నవా, తరువాత అంటింపఁబడినవా యని కూడ చూడవలెను. భూతద్దముతో చూచినచో అంటించిన కాగితమునకు అంచు కనఁబడును. పైపైన అచ్చువేసిన యక్షరము అరిగిపోవును. రెండు రంగుల ప్లాస్టికుతో పోతపోసిన యక్షరము మీట లోపలిదాఁక పోవును గాన ఎంత వాడినను చెఱగదు. నా దానిపై ఉన్నది అచ్చు. కొన్ని మీటల మీఁద మాసినది.

ఆ మాసిన మీటలే నాకు అన్నింటికంటె గొప్ప సాక్ష్యము చెప్పినవి. ఇంగ్లీషులో ఎఫ్, జి అను నక్షరములు అంత తఱచుగా రావు. కాని ఈ కీబోర్డు మీఁద ఆ రెండు మీటలును, వాని ప్రక్కనున్న డి మీటయు అద్దమువలె నునుపెక్కినవి. తెలుఁగులో ఆ మూఁడును ఏవి? గుడి, కొమ్ము, పొల్లు. ఈ మూఁడును లేక మన భాషలో ఒక వాక్యము నడవదు. అనఁగా, ఈ కీబోర్డు అలంకారమునకు తెచ్చినది కాదు. ఎవరో ఒకరు సంవత్సరముల తరబడి దీని మీఁద తెలుఁగు వ్రాసిరి. వారి పేరు తెలియదు. ఏ రైతు దరఖాస్తునో, ఏ పింఛను పత్రమునో, ఏ గ్రామపు జాబితానో ఆ చేతులు వ్రాసి యుండును. మన యూళ్ల కార్యాలయములలో కంప్యూటరు మీఁద తెలుఁగు వ్రాసిన మొదటి తరమువారి చేతి గుర్తులవి.

ఇప్పుడు వెల మాట. ఇట్టి వస్తువులను సేకరించువారు మన దేశమునను, విదేశములలోను కలరు. వారు ముఖ్యముగా చూచునది మీట క్రింది యమరిక. మీట మీటకు వేఱుగా స్ప్రింగు బిగించిన యమరిక కలదానికి ఎక్కువ యిత్తురు. మన కార్యాలయములలో టకటక మని మ్రోగిన టీవీఎస్ గోల్డ్ కీబోర్డు అట్టి జాతిది. రబ్బరు పొర మీఁద నడచు సామాన్యపు కీబోర్డునకు తక్కువ. మీటలన్నియు నున్నవా, తీఁగ తెగినదా, వెనుకటి చీటీ మీఁద చేసినవారి పేరును సంఖ్యయు నున్నవా, పనిచేయుచున్నదా యని తరువాత చూతురు. నా దాని క్రింద నున్నది రబ్బరు పొర. వెనుకటి చీటీ సగము చినిఁగినది. కాఁబట్టి, ఇది నా యింటి ధనరాశి యని నేను చెప్పఁజాలను. పాత వస్తువు కనఁబడఁగానే లక్షలు వచ్చునని ఆశపెట్టువారి మాట మీరును వినకుఁడు.

కాని తెలుఁగు మీటలుండుట వేఱు సంగతి. ఇంగ్లీషు కీబోర్డులు లోకములో కోట్లు. తెలుఁగు అక్షరములు ముద్రించిన పాతవి అఱుదు. ఉన్నవానిని కూడ పాత యింగ్లీషు కీబోర్డులతో కలిపి తూకమునకు వేయుచున్నాము. మూఁడును ఒక్కచోట నున్నప్పుడు, ఏ కార్యాలయమున, ఏ పనికి, ఎన్ని యుండెనో చెప్పుటకు వీలుండెను. ఒకదాని చీటీ చినిఁగినను మఱొకదానిపై దొరకి యుండెడిది. ఆ రెండును నా మాట వలన పోయినవి. ఆ లోపము ఎంత ధనము పెట్టినను తీఱదు.

మఱొక సంగతి. కొన్నేండ్ల క్రిందట ముద్రణాలయములలోను కార్యాలయములలోను వాడిన తెలుఁగు ఫాంటులు ఒక్కొక్కటి ఒక్కొక్క దారిలో నడచినవి. ఆ కాలపు పత్రములను నేఁడు తెఱచినచో, ఆ ఫాంటు లేని కంప్యూటరు మీఁద అర్థము లేని గుర్తులు కనఁబడును. మా బడి చరిత్రను నేనే శ్రద్ధగా వ్రాయించి దాచిన ప్రతి అట్లే అయినది. అట్టి పత్రములను మరల చదువఁదలఁచువారికి, వానిని ఏ మీటల కూర్పుతో, ఏ ఫాంటుతో వ్రాసిరో తెలియుట మొదటి మెట్టు. దానిని చెప్పఁగలవి పాత కీబోర్డులు, వాని మీఁద పనిచేసిన మనుష్యుల జ్ఞాపకములు. ఈ రెండును తఱిగిపోవుచున్నవి.

కావున పెద్దలకు నా విన్నపము. మీ యింటనో, పంచాయతీ గదిలోనో, బడి అటకమీఁదనో తెలుఁగు అక్షరములు గల పాత కీబోర్డు గాని టైపు మిషను గాని కనఁబడినచో, తూకమునకు పంపకముందు ఒక్క పూట ఆఁగుఁడు. తడిగుడ్డతో తోమకుఁడు, అక్షరము పోవును. వెనుకటి చీటీతో సహా ఫొటో తీయింపుఁడు. నడిమి వరుసను చూడుఁడు: ప, ర, క, త, చ, ట యని యున్నచో అది ఇన్‌స్క్రిప్టు, తలకట్లును ఒత్తులును వేఱువేఱు మీటల మీఁద నున్నచో అది టైపు మిషను పద్ధతి. దాని మీఁద పనిచేసినవారు బ్రదికి యున్నచో పోయి కూర్చుండి, ఏమి వ్రాసితిరని యడిగి, ఒక కాగితము మీఁద వ్రాసి దానికే కట్టి పెట్టుఁడు. ఆ కాగితము లేని వస్తువు ఊరు పేరు లేని శాసనము వంటిది. దగ్గఱి కళాశాలలోనో గ్రంథాలయములోనో పెట్టనిత్తురేమో యడుగుఁడు.

నా తప్పు తెలిసిన దినముననే ఆ శిష్యునికి కబురు పంపితిని. అతఁడు వచ్చి, ఆ రెండును లారీలో హైదరాబాదునకు పోయి పొడి యయినవని చెప్పెను. నాకు తల యెత్త బుద్ధి పుట్టలేదు. “పోనీయుండ్రి సారూ. ఇగనుంచి తెలుగు అక్షరం కనబడితే మీకు చూపెట్టకుండ తూకానికి ఇయ్యను” అనెను. అప్పటినుండి నెల కొకసారి ఏదో ఒకటి తెచ్చి బల్ల మీఁద పెట్టుచున్నాఁడు. ఇప్పుడు నేను తొందరపడి తీర్పు చెప్పుట లేదు. భూతద్దము తీసికొని, మొదట చదువుచున్నాను.